గోదావరి ఎడమ ఒడ్డున జనం ఎందుకు పలచన?

కొన్నేళ్ల కిందట మా ఎం.ఏ. తరగతిలో మహారాష్ట్ర నుంచి ఒక విద్యార్థి చేరాడు. గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఆ రెండింటితోపాటు అవసరానికి సరిపడా గోండీ. మొదటిరోజు అందరినీ అడిగినట్టే అతన్నీ "మీ వైపు సంగతులు నాలుగు చెప్పు నాయనా" అని అడిగాను. "మా దిక్కు ఏముంటది సార్! అంత అడవే. మంది ఉండరు" అన్నాడు. తరగతి నవ్వింది. అతనూ నవ్వాడు గాని, తల వంచుకుని నవ్వాడు.

ఆ రోజు ఆ మాటను అంతటితో వదిలేశాను. తర్వాత ఆలోచిస్తే, అందులో జవాబు లేని ఒక ప్రశ్న ఉన్నదని తోచింది. అడవి ఉంది గనుక మంది లేరా? మంది లేరు గనుక అడవి మిగిలిందా? ఈ వ్యాసం ఆ విద్యార్థికి నేను బాకీపడిన సమాధానం. తెలుగునాడుకు వెలుపల పుట్టి పెరిగిన మిగతా విద్యార్థులకూ ఇది పనికిరావచ్చునని ఇక్కడ అచ్చుకిస్తున్నాను.

ముందు లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం గడ్చిరోలి జిల్లా విస్తీర్ణం 14,412 చదరపు కిలోమీటర్లు, జనాభా 10 లక్షల 72 వేల పైచిలుకు. చదరపు కిలోమీటరుకు 74 మంది అన్నమాట. మహారాష్ట్ర సగటు 365. ఇదే గోదావరి దిగువకు పోయి సముద్రంలో కలిసేచోట, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, 477 మంది. మన్యం మండలాలను కలుపుకుని తీసిన సగటే అది. గౌతమి ఒడ్డున ఉన్న చిన్న యానాంలోనే 55 వేలమందికి పైగా ఉన్నారు. యానాం విద్యార్థికీ సిరోంచ విద్యార్థికీ నది ఒక్కటే. నది పక్కన మనుషుల లెక్క మాత్రం ఇంత తేడా.

డెల్టా నేల వేరు, కొండనేల వేరు అని వెంటనే చెప్పవచ్చు. నిజమే. కాని 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాక ముందు డెల్టా కూడా కరువులతో జనం తరిగిపోయిన సీమే. 1830లలో అక్కడి నుంచి జనం వలసలు పోయారు. కాబట్టి నేల స్వభావం ఒక్కటే మనుషుల లెక్కను తేల్చదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే సిరోంచ నుంచి ప్రాణహిత దాటి పడమటి ఒడ్డుకు వెళితే చాలు. అది పాత ఆదిలాబాద్ జిల్లా. ఆ ఒడ్డున కూడా టేకు అడవే, అవే వానలు, అదే గోండు జనం. 2011లో అక్కడి జనసాంద్రత 170. ఆ అంకెలో మంచిర్యాల, బెల్లంపల్లి వంటి బొగ్గుగని పట్టణాలున్నాయి, కాగజ్‌నగర్ కాగితం మిల్లు ఉంది. పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కాని నా ప్రశ్న కూడా సరిగ్గా అదే. ఆ పట్టణాలు ఆ ఒడ్డునే ఎందుకు లేచాయి? 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయి మద్రాసును ఢిల్లీతో కలిపింది. అది కుడి ఒడ్డు మీదుగా పోయింది. సిరోంచకు నేటికీ రైలు లేదు.

అయితే రైలు చివరి అంకం. అసలు కథ అంతకు ముందే, జ్వరంతో మొదలవుతుంది.

తెలుగులో ఒక మాట ఉంది: "ఆ ఊరి నీళ్లు మాకు పడలేదు." కొత్తచోటికి పోయి జబ్బుపడినవాళ్లు ఇప్పటికీ ఈ మాటే అంటారు. యూరపువాళ్లు ఇలాంటి జ్వరాలకు గాలిని తప్పుపట్టారు. మలేరియా అన్న పేరుకే చెడ్డగాలి అని అర్థం. మనవాళ్లు నీటిని తప్పుపట్టారు. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన తర్వాత అసలు సంగతి తెలిసింది. దోమ పుట్టేది నీటిలోనే గనుక, మనవాళ్ల తప్పు కొంచెం తక్కువ తప్పు అని నేను విద్యార్థులతో సరదాకి అంటూంటాను.

కొండసీమల జ్వరానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ దానిని మోసే దోమల్లో ముఖ్యమైనది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మురికిగుంటలు దానికి అక్కర్లేదు. కొండవాగుల్లో మెల్లగా పారే తేటనీరు చాలు. చూడటానికి ఎంత ఆరోగ్యంగా కనిపించే వాగో అంత ప్రమాదం. వానలు తగ్గి వాగులు నెమ్మదించిన తర్వాత చలిజ్వరాల కాలం వస్తుంది. రోడ్డు వెయ్యటానికీ, పైరు కొయ్యటానికీ, పన్ను వసూలుకు పోవటానికీ మైదానం మనిషి అడవిలోకి దిగేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. గోదావరి, జయపురం, గంజాం ఏజెన్సీలలో పనిచేసిన తెల్లదొరలూ, వాళ్ల వెంట పోయిన తెలుగు గుమాస్తాలూ, సిపాయిలూ ఈ జ్వరానికి ఎంత భయపడేవారో 19వ శతాబ్దపు కాగితాలన్నిటా కనిపిస్తుంది.

మరి అక్కడే పుట్టినవారి సంగతి? వాళ్లకు జ్వరం రాదు అన్నది మైదానంలో బాగా నాటుకున్న అపోహ. వస్తుంది. పసితనంలో పదేపదే వస్తుంది. బతికిన పిల్లలకు కొంత తట్టుకునే శక్తి మిగులుతుంది, బతకని పిల్లలు లెక్కలోకి రారు. గోండులతో సహా ఈ ప్రాంతపు గిరిజనుల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా కనిపించటానికి మూలం ఇదే. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వస్తే ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే అదే జీవితాంతం బాధించే రక్తవ్యాధి. అంటే ఆ అడవిలో ఉండటానికి మూల్యం ఆ జనం రక్తంలోనే చెల్లిస్తూ వచ్చారు. జ్వరం బయటివారిని రానివ్వలేదు, లోపలివారిని పెరగనివ్వలేదు. జనం పలచబడటానికి ఇది సగం కారణం అని నా అభిప్రాయం. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డీడీటీ పల్లెలకు చేరిన తర్వాత దేశంలో చాలా మన్యాలు మారాయి. గడ్చిరోలిలో కూడా జనాభా 1991లో 7 లక్షల 87 వేలు ఉన్నది 2011 నాటికి 10 లక్షలు దాటింది. అయినా మలేరియా అక్కడి నుంచి పూర్తిగా పోలేదు.

రెండో కారణం సాగు పద్ధతి. పోడు అంటే అడవిలో ఒక ముక్క నరికి, కాల్చి, ఆ బూడిదలో రెండు మూడేళ్లు పండించి, తర్వాత దాన్ని వదిలి మరో ముక్కకు పోవటం. వదిలిన ముక్క మళ్లీ అడవిగా ఎదగటానికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. కాబట్టి ఒక కుటుంబం ఒక ఏడు దున్నే నేలకు ఎన్నో రెట్లు నేల దాని చుట్టూ విశ్రాంతిలో ఉండాలి. అది బీడు కాదు, సాగులో ఒక దశ. కాని గుర్రం మీద వచ్చి పటం గీసుకుపోయే అధికారికి ఆ తేడా కనిపించదు. పొగ లేచినచోట సాగు అనీ, మిగిలినదంతా ఎవరిదీ కాని అడవి అనీ రాసుకున్నాడు. 1865లోనూ 1878లోనూ వచ్చిన అడవి చట్టాలు ఆ రాతను హక్కుగా మార్చాయి. విశ్రాంతిలో ఉన్న నేల సర్కారు అడవి అయింది. దానిలో మళ్లీ గొడ్డలి పెట్టినవాడు దొంగ అయ్యాడు. 'ఖాళీ' అన్న మాట ఈ సీమకు చేసిన మొదటి నష్టం ఇది.

మా శాస్త్రం నుంచి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. తెలుగులో ఈ సీమలకు ఉన్న పాతమాట మన్నెం, మన్యం. దాని పక్కనే మన్నె, మన్నీడు, మన్నెదొర అనే మాటలున్నాయి. అవి పాలకుల పేర్లు. అంటే మన పూర్వుల దృష్టిలో మన్నెం మనుషులు లేని చోటు కాదు, వేరే దొర ఉన్న చోటు. సిరోంచకు పైన ఉన్న అహేరీ గోండు జమీందారీ చాందా జిల్లా జమీందారీలన్నిటిలోకీ పెద్దది. ఊళ్ల పేర్లు చూడండి. ఆ తాలూకాలో పల్లి, పేట అనే తెలుగు చివరలు అడుగడుగునా తగులుతాయి. గోండీలో ఊరికి నార్ అని పేరు. అది మన నాడుకు జ్ఞాతి. ఇంద్రావతి దాటి బస్తరులోకి పోతే నార్‌తో ముగిసే ఊళ్లు కనిపిస్తాయి. ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు పెట్టించుకున్న నేలను ఖాళీ అనటం భాషాశాస్త్రం చదివినవాడికి కష్టం.

ఇక నది కథ. నా మటుకు నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే.

1860లో నైజాముతో జరిగిన ఒప్పందంలో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువారికి వచ్చాయి. వారు సిరోంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పాటు చేశారు. అక్కడ డిప్యూటీ కమిషనరుగా ఉన్న గ్లాస్‌ఫర్డ్ పేరు మీద గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరు నేటికీ ఉంది. మంది లేని ఈ మూలను ఒక జిల్లాగా చేయవలసిన అవసరం ఏమిటి? నది. ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని నాగపురం సీమదాకా పడవలదారి చేయాలని పట్టుదల. వార్ధా, హింగన్‌ఘాట్ ప్రాంతాల పత్తి ప్రాణహిత మీదుగా గోదావరిలో దిగి కాకినాడ రేవుకు చేరాలని ఆయన కోరిక. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువైంది. అప్పుడీ పథకానికి మంచి బలం వచ్చింది.

అడ్డు మూడుచోట్ల. నదికి అడ్డంగా పరచుకున్న రాళ్ల మీద నీరు దూకే చోట్లు అవి: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇంచంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడోది. వాటిని తప్పించటానికి ఆనకట్టలు, పక్కన కాలువలు, లాకులు కట్టాలి. హేగ్ అనే సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో పని సాగింది. రాయి ఉంది, సున్నం ఉంది, డబ్బు కొంత ఉంది. లేనిది మనిషి. కూలీలను దిగువ నుంచి తేవాలి. వరద నెలల్లో పని సాగదు, వరద తగ్గగానే జ్వరాలు. పని చేయదగిన నెలలు ఏడాదికి కొద్ది. ఆ కొద్ది నెలల్లోనూ జబ్బుపడ్డవారిని చూసి మిగతావారు ఇంటిదారి పట్టేవారు. ఇంతలో 1867లో బొంబాయి నుంచి రైలు నాగపురం చేరింది. పత్తికి పడమటి దారి దొరికింది. 1871లో ప్రభుత్వం నది పనులను మానుకుంది. దోమ సంగతి రాస్ కనిపెట్టటానికి ఇంకా 26 ఏళ్లుంది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఆ పథకానికి గుర్తుగా మిగిలింది.

ఆ దారి పూర్తయి ఉంటే సిరోంచ ఏమయ్యేది అని ఊహించటం చరిత్రకారుడి పని కాదంటారు. నేను భాషాశాస్త్రం వాణ్ణి గనుక ఒక్క నిమిషం ఊహిస్తాను. పడవల రేవు, పత్తి గోదాములు, కాకినాడ షావుకార్ల కొట్లు, తెలుగుబడి. రాజమండ్రికి చిన్న చెల్లెలు వంటి ఊరు. సరే, ఊహ చాలు.

పథకం పోగానే జిల్లా కూడా పోయింది. 1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దుచేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వెళ్లాయి. సిరోంచ మధ్యపరగణాల చాందా జిల్లాకు వెళ్లింది. 20వ శతాబ్దం మొదటి దశకంలో చెర్ల, ఆల్బాక, నూగూరు కూడా విడిపోయి మద్రాసులో చేరాయి. ఒకే నది ఒడ్డున ఒకే భాష మాట్లాడే ఊళ్లలో సిరోంచ ఒక్కటే మిగిలిపోయింది. అక్కడి నుంచి దాని చిరునామా మారుతూనే ఉంది: 1950లో మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో చాందా నుంచి విడివడిన గడ్చిరోలి జిల్లా. ఊరు కదలలేదు, రాజధాని కదిలింది. నాగపురం కావచ్చు, బొంబాయి కావచ్చు, ప్రతిసారీ సిరోంచ ఆ పటంలో అట్టడుగు మూలనే పడింది. దాని జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. నది అవతల కాళేశ్వరం కనిపించేంత దగ్గర. కాని అది 1860 నుంచీ పరాయి పాలనే. అంచున పడ్డ చోటికి రోడ్డు ఆఖరున వస్తుంది, ఆసుపత్రి ఆఖరున వస్తుంది. జనం పలచగా ఉన్నారు గనుక ఖర్చు దండగ అంటారు, ఖర్చు పెట్టరు గనుక జనం పలచగానే ఉంటారు. జ్వరం తర్వాత జనాన్ని పెరగనీయనిది ఈ వలయమే.

పాత రెవిన్యూ లెక్కల్లో పాడుపడ్డ ఊరికి బేచిరాగ్ అని పేరు. ఫారసీలో చిరాగ్ అంటే దీపం. దీపం లేని ఊరు. తెలంగాణ రెవిన్యూ రికార్డులలో ఈ మాట ఇంకా బతికే ఉంది. మరాఠీలోకి పోయిన తర్వాత ఇది బేచిరాఖ్ అయింది. రాఖ్ అంటే బూడిద గనుక, మరాఠీ చెవికి అందులో బూడిద వినిపించింది. ఇప్పుడు ఆ భాషలో దానికి కాలి నాశనమైనది అని అర్థం. ఒకే మాట నదికి ఒక పక్క దీపం ఆరిన ఊరు, మరో పక్క బూడిదైన ఊరు. నిజానికి ఈ రెండు రకాల ఊళ్లూ ఉన్నాయి. వాటిని కలిపి 'మంది లేని చోటు' అనేస్తే, దీపం తనంతట ఆరిందా, ఎవరైనా ఆర్పారా అన్న ప్రశ్న మాయమవుతుంది.

ఇది పాతకాలపు సంగతి మాత్రమే కాదు. 2005లో ఇంద్రావతికి అవతల దంతెవాడ సీమలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయింది. ఇరువైపుల హింస మధ్య అనేక గోండు గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డుపక్క శిబిరాలకు చేర్చారు. వేలమంది గోదావరి, శబరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. మనవాళ్లు వారిని గుత్తికోయలు అంటున్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఆ ఊళ్లను చూసినవాడికి కనిపించేది అడవి తిరిగి కమ్ముకుంటున్న పెరళ్లు. వందేళ్ల తర్వాత ఎవరైనా ఆ చోటును చూసి ఇక్కడ జనం మొదటినుంచీ పలచన అని రాస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

సిరోంచకు దిగువన మేడిగడ్డ దగ్గర కాళేశ్వరం పథకం బరాజు 2019లో ప్రారంభమైంది. కాటన్ కాలంలో ఆ నదిలో అడ్డు తొలగించటానికి డబ్బు పోశారు, మన కాలంలో అడ్డు కట్టటానికి పోశారు. నీళ్లు ఎత్తిపోసేది కుడి ఒడ్డుకు. వరదల్లో పొలాలు మునుగుతున్నాయని ఎడమ ఒడ్డు రైతులు నష్టపరిహారానికి ఆందోళనలు చేశారు. ఆ రైతుల్లో మా విద్యార్థి మేనమామ ఒకడని నాకు తర్వాత తెలిసింది. 2023 అక్టోబరులో బరాజు స్తంభాలు కొన్ని కుంగిన వార్త వచ్చినరోజు అతను తరగతికి రాలేదు. సెలవుచీటీలో "మామ దగ్గరికి పోతున్న" అని మాత్రం రాశాడు.

ఆ తర్వాత అతను పరిశోధన వ్యాసానికి అంశం మార్చుకుంటానని వచ్చాడు. అంతకుముందు ఎన్నుకున్నది ఒక ప్రసిద్ధ కవి నిఘంటువు. ఇప్పుడు తన ఊరి పొలిమేరలో ఉన్న ప్రతి గుట్టకూ, వాగు మలుపుకూ, వదిలేసిన పోడు చెలకకూ ఊరి ముసలివాళ్లు ఏ పేరు పెట్టి పిలుస్తారో రాసుకుంటానన్నాడు. సెలవుల్లో పోయి వచ్చి ఒక నోటుబుక్కు నా బల్ల మీద పెట్టాడు. సర్వే పటంలో రిజర్వు అడవి అని ఒకే ఆకుపచ్చ రంగు వేసి వదిలిన చోట అతనికి వందకు పైగా పేర్లు దొరికాయి. కొన్ని తెలుగు, కొన్ని గోండీ, కొన్ని ఏ భాషవో ఇంకా తేల్చలేదు. వాటిలో చాలా పేర్లు మనుషులవి: ఫలానావాడి చెలక, ఫలానా ఆమె మడుగు. "వీళ్లంతా ఎప్పటివాళ్లు?" అని అడిగాను.

"ఎరుక లేదు సార్. కానీ ఉన్నరు" అన్నాడు.